పని పెరిగిందని రాత్రిళ్లు మిషను తొక్కకు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అలమారలో 40 జాకెట్లు పేరుకుపోయాయని, రాత్రి పన్నెండు దాకా మిషను మీదే ఉంటున్నా తరగడం లేదని రాశావు. నీ చేతివేగంలో లోపమేమీ లేదు తల్లీ. గుడ్డ తీసుకుని తేదీ చెప్పే బల్ల దగ్గర లెక్క తప్పుతోంది. అక్కడ సరిచెయ్యకపోతే నువ్వు తెల్లవార్లూ కుట్టినా ఇంతే.

ముందు నీకు వారంలో ఎంత పని అవుతుందో తేల్చుకో. ఎదురుగా గడియారం పెట్టుకుని వరసగా పది లైనింగ్ జాకెట్లకి ఎంతెంతసేపు పడుతోందో చీటీ మీద రాయి. చేయి తిరిగినవాళ్లకి సుమారుగా కత్తిరింపు 25 నిమిషాలు, మిషను పని 90, హుక్కులు, కాజాలు, హెమ్మింగు (అంచు మడిచి చేత్తో కుట్టడం) కలిపి 35, ఇస్త్రీ, మడత 10 పడతాయి. మొత్తం 160 నిమిషాలు. వంటా, పిల్లలూ, వచ్చిపోయేవాళ్లూ పోగా రోజుకి నికరంగా 7 గంటలు, అంటే 420 నిమిషాలు నీ చేతిలో ఉంటాయనుకో. రోజుకి రెండున్నర జాకెట్లు, ఆరు రోజులకి 15. అందులో ఐదో వంతు ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉంచాలి. కరెంటు పోవడం, పిల్లకి జ్వరం రావడం, సరిచెయ్యమని తిరిగొచ్చిన జాకెట్లు, ఇవన్నీ ఆ ఖాళీలోనే ఇమడాలి. మిగిలింది 12. వారానికి 12 కుట్టగలిగే నువ్వు 18 తీసుకుంటున్నావనుకో, వారానికి ఆరు వెనకబడతాయి. ఏడు వారాలకి 42. నీ అలమార నిండింది ఇలాగే.

ఇప్పుడు ఆ 160 నిమిషాల్లోంచి చేతిపని 35 తీసెయ్యి. 125 మిగులుతుంది. అదే 420లో రోజుకి మూడు పైచిలుకు, వారానికి 20 అవుతాయి. ఐదో వంతు తీసేసినా 16. రాత్రి ఒక్క గంట కూడా కూర్చోకుండా వారానికి నాలుగు జాకెట్లు పెరిగాయి. అందుకే సాయానికి మనిషిని పెట్టుకునేటప్పుడు మొదట ఇవ్వాల్సింది హుక్కులు, హెమ్మింగు, ఫాల్సు. కత్తెర మాత్రం చివరిదాకా నీ చేతిలోనే ఉండాలి. చాలామంది తిరగేసి చేస్తారు. తమకి విసుగనిపించే కత్తిరింపు కొత్త పిల్లకి అప్పజెప్పి తాము కూర్చుని హుక్కులు కుట్టుకుంటారు. హుక్కు ఊడితే అయిదు నిమిషాల్లో మళ్లీ వేసుకోవచ్చు, చంక లోతుగా తెగితే ఆ గుడ్డ మరి అతకదు.

హుక్కుల పని జాకెట్టుకింత అని కూలి కట్టి చేసేవాళ్ల ఇంటికే ఇచ్చెయ్యి. ముందు రుమాలంత ముక్క మీద వేయించి చూడు. హుక్కు ఊడిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: సూది పై పొరలోంచి మాత్రమే పోతుంది, పట్టీ లోపలి పొరని పట్టుకోదు. హుక్కు రెండు కన్నాల చుట్టూ నాలుగేసి కుట్లు, తల దగ్గర రెండు కుట్లు, అన్నీ లోపలి పొర దాకా దిగాలి. హెమ్మింగులో దీనికి వ్యతిరేకం. పైగుడ్డలో ఒకటో రెండో పోగులు మాత్రమే సూదికి తగలాలి. లాగి బిగిస్తే బయటికి చుక్కలు చుక్కలుగా గుంటలు పడతాయి.

ఇక బల్ల దగ్గర సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కనక కొంచెం ఓపిగ్గా చదువు. ఎవరైనా "శుక్రవారానికి కావాలి" అంటే నువ్వు "చూస్తానండీ" అంటావు. నీ మనసులో అది కుదిరితే అని. వినేవాళ్లకి అది సరే అన్నట్టే. మీ ఊళ్లో ఒడియా వాళ్లతో "దేఖిబా" (చూద్దాం) అన్నా అంతే. ఆ మాట మానెయ్యి. "శుక్రవారానికి అవదండీ, 14కి ఇస్తాను, సరేనంటే ఉంచండి" అను. గుడ్డ తీసుకెళ్లిపోతారని భయపడకు. తీసుకెళ్లేవాళ్లు కొందరుంటారు, వెళ్లనీ. చెప్పిన రోజుకి అందుతుందని తెలిస్తే పాతపట్నం నుంచి ఆటో ఎక్కి వచ్చేవాళ్లు కూడా ఆగుతారు. ఎటూ చెప్పకుండా మూడుసార్లు తిప్పితేనే మనిషి పోతుంది.

బిల్లు పుస్తకంలో రెండు తేదీలు రాసుకో. ఒకటి వాళ్లకి చెప్పింది, రెండోది దానికి మూడు రోజుల ముందు, నీది. నువ్వు నీ తేదీకే కుట్టాలి. జాకెట్టుకొకటి చొప్పున వారానికి 16 గీతలు గీసి, నిండిన వారానికి అడ్డంగా ఒక గీత కొట్టెయ్యి. అర్జెంటు అన్నవాళ్లకి వారానికి రెండు చోట్లే, అవి ఐదో వంతు ఖాళీలోంచే. దానికి వేరే రేటు, ముందుగా డబ్బు. ఇంకొకరి జాకెట్టు వెనక్కి నెట్టి అర్జెంటు కుట్టావంటే రేపటికి రెండు అర్జెంట్లు తయారవుతాయి.

గుడ్డ, లైనింగు, ఆది జాకెట్టు (కొలతకిచ్చే పాత జాకెట్టు), అంచుకి పైపింగు కావాలంటే ఆ గుడ్డ, అన్నీ ఒకేసారి తెస్తేనే చీటీ రాయి. "లైనింగు రేపు పంపిస్తా" అన్న మూట నెల్లాళ్లు అలమారలో కూర్చుంటుంది, తేదీ మాత్రం నీ నెత్తి మీద తిరుగుతూనే ఉంటుంది. చీటీకి చీర గుడ్డ ముక్క పిన్ను కొట్టు. మెరూను జాకెట్లు ఆరు ఒకేసారి ఉన్నప్పుడు పేరు కన్నా ముక్కే పనికొస్తుంది.

ఆది జాకెట్టుని గుడ్డిగా నమ్మకు. ఏడాది తొడిగిన నూలు జాకెట్టు సాగి ఉంటుంది, మనిషి మారి ఉంటుంది. "ఇది ఇప్పుడు ఎక్కడైనా పట్టేస్తోందా, వదులవుతోందా?" అని అడిగి చీటీలో రాసుకో. ఛాతీ, పైఛాతీ, నడుము, భుజం, చంక చుట్టు, చేతి చుట్టు, ఈ ఆరూ మనిషి మీద కూడా తీసుకో, టేపు కింద ఒక వేలు ఆడేలా. తేడా వస్తే మనిషి కొలతే లెక్క. పక్క కుట్టుల్లో ఒక్కో వైపు అంగుళంన్నర గుడ్డ వదులు. సరిచెయ్యడమంటే కుట్లు విప్పడం, దువ్వడం, మళ్లీ కుట్టడం, ఇస్త్రీ, ఎంత లేదన్నా అరగంట. మూడు జాకెట్లు తిరిగొస్తే కొత్త జాకెట్టు మిషను పని అంతసేపు పోయినట్టే, కూలీ లేకుండా. పెళ్లికూతురి జాకెట్టైతే పక్కలు పెద్ద కుట్టుతో తాత్కాలికంగా వేసి, పెళ్లి పది రోజులుందనగా పిలిచి తొడిగించి చూడు.

కత్తిరింపు పొద్దున్నే పెట్టుకో. రాత్రి భోజనాలయ్యాక కత్తెర పట్టకు, ఎంత పని ఉన్నా సరే. రెండూ ఎడం చేతులే కత్తిరించడం, పూలు తలకిందులవడం, మెడ అరంగుళం ఎక్కువ దిగడం, ఇవన్నీ అలిసిన కళ్లతోనే జరుగుతాయి. నూలు లైనింగుని ముందురోజు రెండు మూడు గంటలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేసి ఉంచు. నానబెట్టని లైనింగు మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి పైగుడ్డని లాగేస్తుంది, జాకెట్టు ముడతలు తేలుతుంది. అది మళ్లీ నీ దగ్గరికే వస్తుంది.

కత్తిరించేది రెండు రోజుల్లో కుట్టగలిగినంతే, ఆరు. ఒక్కో దానికీ ఉల్టా వైపు సుద్దతో గుర్తు పెట్టి, చేతుల ముందు చంక దగ్గర చిన్న గాటు పెట్టి, చీటీతో సహా చుట్టి కట్టు. ఒకే రంగు దారం పడేవి ఒకచోట చేర్చి మూడేసి కలిపి కుట్టు. మూడింటికీ డాట్లు (ఒంటికి ఒదిగేలా గుడ్డ మడిచి వేసే కుట్లు), తర్వాత మూడింటికీ పట్టీలు, మెడలు, భుజాలు, చేతులు, చివర పక్కలు. దారం మార్చడం, బాబిన్ చుట్టడం, కత్తెర వెతుక్కోవడం తగ్గుతాయి. పొద్దున్నే ఎక్కువగా వాడే రంగుల్లో పది బాబిన్లు చుట్టి పెట్టుకో. పదేసి జాకెట్లు కలిపి మొదలుపెట్టకు. ఒక్క మెడ తప్పిందంటే పదీ తప్పుతాయి, పైగా సాయంత్రానికి ఒక్కటీ పూర్తవ్వదు. సగం కుట్టిన జాకెట్టుకి ఎవరూ డబ్బివ్వరు.

బరంపురం పట్టు వచ్చినప్పుడు తొందరపడకు. అంచుల్లో పోగులు ఊడుతూ ఉంటాయి కనక కత్తిరించిన వెంటనే ఓవర్‌లాక్ చేయించు. 11 నంబరు కొత్త సూది వెయ్యి. నీళ్లు చిలకరించకు, మరకైపోతుంది. లోపలివైపు తిప్పి, పల్చటి నూలుగుడ్డ పరిచి, తక్కువ వేడి మీద ఇస్త్రీ చెయ్యి. దీనికి మామూలు జాకెట్టు కన్నా అరగంట ఎక్కువ లెక్క వేసుకో, కూలీ కూడా ఆ మేరకి అడుగు.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఇంకో సంగతుంది. రెండు పంచాంగాలు చూసుకోవాలి. తెలుగువాళ్ల పెళ్లిళ్లు మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠాల్లో, తర్వాత శ్రావణ శుక్రవారాలు, సంక్రాంతి. ఒడియా వాళ్లకి జూన్ నడిమిన రజ పండగ మూడు రోజులు, దసరా, ఆ వెంటనే కుమార పూర్ణిమకి ఆడపిల్లలకి కొత్త బట్టలు, మార్గశిరంలో మాణబసా గురువారాలు (లక్ష్మీపూజలు). అందుకే జ్యేష్ఠం పెళ్లిళ్లూ రజ పండగా ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ రెండు వారాలకి మే నెలాఖరుకల్లా పుస్తకం మూసెయ్యి. ఆషాఢంలో తెలుగు పని పల్చబడుతుంది. అప్పుడు మిషను బాగుచేయించుకో, హుక్కులు, లైనింగులు కొని ఉంచుకో.

అక్టోబరులో మాత్రం మూటలు నేల మీద పెట్టకు. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. రెండూ దసరా రోజుల్లోనే. తిత్లీకి మీ గజపతి జిల్లా ఎంత నష్టపోయిందో తెలిసిందే. ఆ నెలలో గుడ్డలన్నీ ప్లాస్టిక్ సంచుల్లో, పై అరలో ఉండాలి. తుపాను కబురు రాగానే కొత్త గుడ్డ కత్తిరించడం ఆపి, కుట్టేసినవి ఇచ్చెయ్యి.

రెండో మిషను కొననా అని అడిగావు. కుట్టే రెండో మనిషి లేకుండా రెండో మిషను వద్దు. డబ్బుంటే ముందు ఓవర్‌లాక్ మిషను కొను. ఇప్పుడున్న మిషనుకి రోజూ గుడ్డని జరిపే పళ్ల కింద దూది పేరుకోకుండా బ్రష్షుతో దులిపి, నూనె చుక్కలు వేసి, పాత గుడ్డ మీద కాసేపు కుట్టాకే కొత్త గుడ్డ పెట్టు. దారం మాటిమాటికీ తెగుతుంటే మిషనుని తిట్టకముందు సూది మార్చి చూడు. ముప్పావు గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి, వెలుతురు ఎడమవైపు నుంచి పడేలా కూర్చో.

ఇక ఉన్న ఆ 40 సంగతి. ఈ ఆదివారం బేగి లేచి అన్నీ నేల మీద చాప పరిచి పెట్టు. మూడు కుప్పలు చెయ్యి: సగం కుట్టినవి, కత్తిరించనివి, సామాను తక్కువైనవి. సామాను తక్కువైనవాళ్లకి ఆ రోజే ఫోను చేసి, తెచ్చాకే తేదీ ఇస్తానని చెప్పు. సగం కుట్టినవి ముందు పూర్తిచెయ్యి, కొత్తగా ఒక్కటీ కత్తిరించకు. మిగిలినవాళ్లకి వారానికి 16 చొప్పున, చేతిపనికి మనిషి ఇంకా దొరక్కపోతే 12 చొప్పున, లెక్కేసి కొత్త తేదీలు చెప్పు, వాళ్లు వచ్చి అడగక ముందే. నలుగురు కోప్పడతారు, పడనీ. ఈ పాతవి తేలేదాకా కొత్త గుడ్డ తీసుకున్నా తేదీ ఆ తర్వాతదే.

హుక్కులు కుట్టే పిల్ల దొరికితే ముక్క మీద ఇరవై హుక్కులు వేయించి, ఇటు వచ్చేవాళ్ల చేత పంపించు. ఉల్టా వైపు తిప్పి చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ,
బరంపురం