ఫలితం మాత్రమే చెప్పి, ఎలా చేయాలో ఫ్యాక్టరీకే వదిలేసే చట్టం న్యాయమేనా? పీహెచ్‌డీకి ఈ టాపిక్ తీసుకోవచ్చా?

తప్పకుండా తీసుకోండి. తిరుపతిలో ఉంటూ నేను పరిశోధన చేస్తున్నది దీని మీదే.

నేను మొదలుపెట్టింది 1948 ఫ్యాక్టరీల చట్టంతో (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చింది). ఏం చేయాలో విడమరిచి చెప్పడం, ఫలితం మాత్రమే చెప్పి వదిలేయడం, అందులో ఈ రెండు పద్ధతులూ ఉండేవి. సెక్షన్ 11 గోడలకు 14 నెలలకోసారి సున్నం వేయమనేది, వారానికోసారైనా నేల కడగమనేది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో చేర్చిన సెక్షన్ 7ఏ మాత్రం కార్మికుల ఆరోగ్యం, భద్రత 'సాధ్యమైనంత మేరకు' చూసుకోమని చెప్పి ఊరుకునేది. బ్రిటన్ 1974 చట్టంలోనూ ఇదే మాట ఉంది. అక్కడ 1988లో పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫామ్ మీద 167 మంది చనిపోయాక, సముద్రంలోని ప్లాట్‌ఫాముల భద్రతను ఎలా కాపాడతారో కంపెనీయే రాసిచ్చి ప్రభుత్వాన్ని ఒప్పించాలని నియమం తెచ్చారు.

ఇదంతా చదువుకుని ఒక జూన్‌లో చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లాను. తోతాపురి సీజన్, గేటు బయట ట్రాక్టర్ల క్యూ. యజమాని అంతా విని, "మా ఇష్టానికి వదిలేస్తే మాకే టెన్షన్ సార్. ఇన్‌స్పెక్టర్‌కు ఏం చూపిస్తే ఒప్పుకుంటారో చెప్పండి చాలు" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. పెద్ద కంపెనీకి ఇంజనీర్లు, లాయర్లు ఉంటారు. ఏడాదిలో రెండు మూడు నెలలు నడిచే యూనిట్‌కు ఎవరుంటారు?

సాయంత్రం బస్టాప్‌లో, ఆ ఫ్యాక్టరీలో కాయలు తరిగే ఒకామె చేతులు చూపించింది. సొన తగిలి చర్మమంతా కమిలిపోయింది. గ్లవ్స్ ఇచ్చారట, తడికి కత్తి జారుతుందని వీళ్లే తీసేశారట. "మమ్మల్ని ఒక మాట అడిగుంటే చెప్పేవాళ్లం కదన్నా" అంది. ఫైల్లో మాత్రం గ్లవ్స్ కొన్న బిల్లు భద్రంగా ఉంది.

నా పరిశోధన ప్రశ్న అక్కడే మారింది. 'సాధ్యమైనంత' అంటే ఎంతో తేల్చేది ఎవరు? యజమాని, ఇన్‌స్పెక్టర్ ఇద్దరే కూర్చుని తేల్చుకుంటే దాన్ని నేను న్యాయం అనలేను. సొన ఎవరి చేతుల మీద పడుతుందో వాళ్లనూ కూర్చోబెట్టాలి. చిన్న యూనిట్లకు 'ఈ పనులు చేస్తే చాలు' అని ఒక నమూనా ఇవ్వాలి. అంతకన్నా మంచి పద్ధతి ఉందనుకున్నవాళ్లు దాన్ని రుజువు చేసుకుని పాటించొచ్చు.

ఫీల్డ్‌వర్క్ మా వైపే చేసేటట్టయితే అనుమతులు మే నెలలోనే అడగండి. సీజన్ మొదలయ్యాక ఎవరికీ తీరిక ఉండదు. కూలీలతో మాత్రం షిఫ్ట్ అయ్యాక, గేటు బయట మాట్లాడండి. యజమాని ముందు ఎవరూ చేతులు చూపించరు.