బోర్డు రాయించే ముందు

కాకినాడ

చిరంజీవి శారదకు పెదనాన్న ఆశీస్సులు.

ఉత్తరం చేరింది. అమలాపురంలో గది చూసుకున్నావు, బోర్డు కూడా రాయిద్దామనుకుంటున్నావు. గది ఉంచుకో. బోర్డు మాత్రం ఆపు. 'మ్యూజిక్ థెరపిస్ట్' అని, అంటే సంగీతంతో రోగులకి సాయపడే మనిషినని, రాసుకుంటే మన దగ్గర ఆపేవాళ్లు లేరు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎవరైనా రాసుకోవచ్చు కనక, రాసుకున్నంత మాత్రాన ఏ డాక్టరూ పేషెంటుని నీ దగ్గరికి పంపడు.

ఇంగ్లండులో 1958లో జూలియట్ ఆల్విన్ అనే చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) విద్వాంసురాలు ఈ పనికి సంఘం పెడితే, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ వచ్చేసరికి 1997 అయింది. ఇప్పుడక్కడ రిజిస్టర్లో పేరు లేకుండా ఆ మాట వాడుకుంటే నేరం. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల ఆసుపత్రులకి ముందు పాటగాళ్లు వెళ్లారు, చదువు వెనకాల వచ్చింది. 1944లో మిషిగన్ స్టేట్‌లో కోర్సు, 1950లో జాతీయ సంఘం, 1983లో పరీక్ష పెట్టే బోర్డు. 1200 గంటల క్లినికల్ శిక్షణ ఉంటేనే అక్కడ పరీక్షకి కూర్చోనిస్తారు. మనకి 2021లో అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం, అంటే డాక్టర్లకి తోడుగా వైద్యంలో పనిచేసేవాళ్ల చట్టం, వచ్చింది. దాని షెడ్యూల్లో ఆర్ట్, డాన్స్, మూవ్‌మెంట్ థెరపిస్టుల మాట ఉంది గానీ మ్యూజిక్ థెరపిస్ట్ అని విడిగా లేదు. కాబట్టి ప్రస్తుతానికి నీ చదువూ, నువ్వు రాసుకునే నోట్సూ, ఈ రెండే నీ లైసెన్సు.

చదువుకి పుదుచ్చేరిలోని శ్రీ బాలాజీ విద్యాపీఠ్ చూడు. మెడికల్ కాలేజీని అంటిపెట్టుకుని మ్యూజిక్ థెరపీ కేంద్రం ఉంది. మన యానాం పుదుచ్చేరిదే అయినా దీనికి మాత్రం దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల ప్రయాణం తప్పదు. ఏ కోర్సులో చేరినా డబ్బు కట్టేముందు రెండు సంగతులు అడుగు. పేషెంటు ఎదురుగా నువ్వు కూర్చునే గంటలు ఎన్ని? ఆ సమయంలో పక్కన కూర్చుని నీ తప్పులు పట్టేవాళ్లు ఎవరు? రెండు శనాదివారాలు ఫోన్లో పాఠం చెప్పి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల దగ్గర ఈ రెండింటికీ జవాబు ఉండదు.

రాగాల పట్టిక సంగతి. బీపీకి ఈ రాగం, షుగరుకి ఆ రాగం అని గోడకి తగిలించే కాగితం నీ గదిలో ఉండకూడదు. ఒకే రాగాన్ని విలంబంలో, మెల్లగా, పాడితే ఒకలా, ద్రుతంలో, వేగంగా, పాడితే ఇంకోలా ఉంటుందని నీకు నేను చెప్పాలా? పైగా విన్నవాడి జ్ఞాపకం ఎటు లాగుతుందో రాగానికేం తెలుసు. బీపీ మాత్ర మానేసి నీ పాట వినడం మొదలుపెట్టినవాడికి పక్షవాతం వస్తే ఆ పాపం నీదే అవుతుంది. మందుల జోలికి వెళ్లనని మొదటి రోజే పేషెంటు ఇంట్లోవాళ్లకి చెప్పు, కాగితం మీద కూడా రాసివ్వు.

పని నేర్చుకోవడానికి నడకతో మొదలుపెట్టు. ఇందులో కొలత ఉంది, ఫిజియోథెరపిస్టు పక్కనే ఉంటాడు, ఫలితం అందరి కళ్లకీ కనిపిస్తుంది. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వాళ్లకీ, పక్షవాతం తర్వాత మళ్లీ నడక నేర్చుకునేవాళ్లకీ తాళం దెబ్బ వింటూ అడుగేయించే పద్ధతి ఇది. అమెరికాలో మైకేల్ థౌట్ బృందం 1990లలో దీన్ని ఒక క్రమంలో పెట్టింది. నేల మీద చాక్‌పీసుతో 10 మీటర్లు గీసుకో. ముందు సంగీతం ఏమీ లేకుండా పేషెంటుని మామూలుగా నడవనియ్యి. నిమిషానికి ఎన్ని అడుగులు, ఆ 10 మీటర్లకీ ఎన్ని సెకన్లు, రాసుకో. 84 అడుగులు, 20 సెకన్లు అనుకుందాం. మెట్రోనోమ్‌ని, అంటే నిమిషానికి ఇన్నని దెబ్బలు కొట్టే పెట్టెని, మొదట 84 మీదే పెట్టు. దెబ్బకీ అడుగుకీ కలిసిందని చూశాకే 88కి వెళ్లు, అంటే దాదాపు 5 శాతం ఎక్కువ. బాగా సాగితే 92. అంతకు మించి మొదటి వారంలో వద్దు. తొందరపెడితే అడుగులు పొట్టివైపోతాయి, ఒళ్లు ముందుకి తూలుతుంది, పడతారు. బలహీనంగా ఉన్న వైపు ఒక మనిషి నడవాలి, చేతికందే దూరంలో కుర్చీ ఉండాలి. వానాకాలం తడి గచ్చు మీద ఈ పని పెట్టుకోకు.

తాళం దగ్గర నీలాంటి విద్వాంసులే తప్పు చేస్తారు. నడిచేవాడికి రెండు కాళ్లు, రెండింటికీ సరిసమానంగా దెబ్బ పడాలి. ఆది తాళం హాయిగా సరిపోతుంది. రూపకంలో మూడు దెబ్బలు కావడంతో ప్రతి ఆవర్తానికీ, అంటే తాళం ఒక్కో చుట్టుకీ, ఎత్తుగడ ఇంకో కాలి మీద పడుతుంది, మనిషి తికమకపడతాడు. మిశ్రచాపు (ఏడు), ఖండచాపు (ఐదు) ఎంత అందంగా ఉన్నా అడుగుకి పనికిరావు. పాట కూడా నీకు నచ్చింది కాదు, మెట్రోనోమ్ చెప్పిన వేగానికి దొరికింది పాడాలి. కోలాటం పాటలు చాలామటుకు సరి నడకలోనే ఉంటాయి, ఊళ్లో పెద్దవాళ్లకి తెలిసినవీ అవే.

మాట పడిపోయినవాళ్ల దగ్గరికి స్పీచ్ థెరపిస్టు లేకుండా వెళ్లకు. ఎదుటివాళ్ల మాట అర్థమవుతూ తన నోట మాట రానివాళ్లకి బోస్టన్‌లో 1973లో ఒక పద్ధతి కట్టారు. రెండే స్వరాలు: కింద షడ్జం (స), పైన సాధారణ గాంధారం (గ). మాటని ఆ రెంటి మీద పరిచి, పేషెంటు ఎడం చేతిని నువ్వు పట్టుకుని అక్షరానికి ఒక్కసారి చొప్పున బల్ల మీద తట్టించాలి. సెకనుకి ఒక తట్టు చాలు. 'నీళ్లు', 'అన్నం' లాంటి రెండక్షరాలతో మొదలుపెట్టి 'నీళ్లు కావాలి' దాకా రావాలి. మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కడ లేస్తుందో అక్కడ గాంధారం పెట్టు. మొదట మాట లేకుండా కూనిరాగంగా, తర్వాత ఇద్దరూ కలిసి, తర్వాత నువ్వు సగంలో గొంతు తగ్గించి ఆయన్ని వదిలేస్తూ, తర్వాత నువ్వు పాడితే ఆయన తిరిగి అంటూ, చివర 'ఏం కావాలండీ?' అని నువ్వడిగితే జవాబుగా. ఒక మెట్టులో నాలుగుసార్లకీ రాకపోతే వెనక మెట్టుకి దిగు.

ఇక్కడ నీ గాత్రం డిప్లొమాయే నీకు అడ్డం. సాధారణ గాంధారం కనపడగానే గొంతు దానంతట అదే ఊగుతుంది. గమకం పడితే రెండు స్వరాలు కాస్తా నాలుగవుతాయి, పేషెంటుకి పట్టు దొరకదు. గీత గీసినట్టు నిలువుగా పాడు. ఇంకోటి, ఆయన చిన్నప్పటి పాట మొత్తం సాహిత్యంతో సహా పాడేస్తే ఇంట్లోవాళ్లు మాట వచ్చేసిందని సంబరపడతారు. కంఠతా వచ్చిన పాట రావడం వేరు, మంచినీళ్లు అడగగలగడం వేరు. వాళ్లకి ఆ తేడా ముందే చెప్పకపోతే వారం తిరక్కుండా నిన్ను నిందిస్తారు.

శ్రుతి నీది కాదు, పేషెంటుది. నువ్వు ఆడవాళ్ల ఎత్తు శ్రుతిలో, ఐదు, ఐదున్నరలో పాడితే డెబ్భై ఏళ్ల తాతగారు అందుకోలేక మూగగా కూర్చుంటారు. ఆయన మామూలుగా 'ఆయ్' అన్న గొంతు ఎక్కడుందో శ్రుతిపెట్టె మీద వెతుక్కుని అక్కడికి నువ్వు దిగు.

మతిమరుపు జబ్బున్నవాళ్లకి పాటలు ఎంచేటప్పుడు వాళ్ల పదిహేనో ఏటి నుంచి పాతికో ఏటి దాకా ఏం విన్నారో ఇంట్లోవాళ్లని అడుగు. 1945లో పుట్టినవాళ్లయితే అది 1960 నుంచి 70. మన వైపు అది తరచు నాటకం పద్యం, హరికథ, విజయవాడ రేడియో భక్తిరంజని. ఇష్టమైన పాటకే ఏడుపు వస్తే ఆపి, చెయ్యి పట్టుకుని కూర్చో. దాన్నీ రాసుకో.

పిల్లల దగ్గర అరగంట మించకు. చెవులు మూసుకున్న పిల్లకి ఇంకా మెల్లగా వాయించి చూద్దామనుకోవద్దు, ఆపెయ్యి. ఎవరికైనా సరే మొదటి రోజు వినికిడి గురించీ, ఫిట్స్ గురించీ అడగాలి. అరుదుగానైనా సంగీతం వింటేనే ఫిట్స్ వచ్చేవాళ్లు ఉంటారు.

నోట్సు ఇలా: 'చాలా ఆనందించారు' అని రాస్తే డాక్టరు పారేస్తాడు. 'మెట్రోనోమ్ 88, 10 మీటర్లు 18 సెకన్లు, కుడి కాలు రెండుసార్లు ఈడ్చారు, నాలుగో నిమిషంలో కూర్చున్నారు' అని రాస్తే రెండోసారి చదువుతాడు. 'బాగుందాండీ?' అని మాత్రం అడగకు. మన గోదావరి మర్యాదకి నొప్పి పుడుతున్నా 'ఆయ్, బాగుందండి' అనే జవాబొస్తుంది. ఎనిమిది సార్లు చేశాక మొదటి రోజు కొలతలే మళ్లీ తియ్యి. మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్టుతో కూర్చుని మాట్లాడి, అవసరమైతే ఆపెయ్యి.

ఫీజు మొదటి నెల నుంచే తీసుకో, కొంచెమైనా సరే. ఉచితంగా చేస్తే ఆసుపత్రివాళ్లు నిన్ను పండగ కార్యక్రమాల ఖాతాలో వేస్తారు, అందులోంచి బయటపడటం కష్టం. నలభై రోజుల ప్యాకేజీ అమ్మకు.

సామాను తక్కువ పెట్టుకో. మృదంగం ఇంట్లోనే ఉంచు. శ్రావణం వచ్చిందంటే మన తేమకి మూత జారిపోయి శ్రుతి నిలవదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి హార్మోనియం రీడ్లకి చిలుము పడుతుంది. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె, మెట్రోనోమ్, ప్లాస్టిక్ మూతున్న కంజీర, రెండు జతల చిడతలు చాలు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్లేముందు స్పిరిట్‌తో తుడవాలి. తోలు మూత అలా తుడిస్తే పాడవుతుంది, ప్లాస్టిక్ అన్నది అందుకే. నోటితో ఊదేవి ఒకరివి ఒకరికి ఇవ్వనే వద్దు.

ముందు నీకు దగ్గర్లో ఉన్న ఫిజియోథెరపీ సెంటరుకి వెళ్లి, నెల రోజులు చూస్తూ కూర్చోనివ్వమని అడుగు. మొదటి వారం నోట్సు ఫోటో తీసి నాకు పంపు. పేషెంటు పేరూ ఊరూ కొట్టేసి పంపాలి.

పెదనాన్న