తక్కువ బడ్జెట్ డెస్క్‌టాప్‌లో గేమ్‌లు స్మూత్‌గా ఆడాలంటే ముందు ఏం చూసుకోవాలి?

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ముందు ర్యామ్ సంగతి చూడండి. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, సిస్టమ్ ర్యామ్‌నే పంచుకుంటుంది. 16 జీబీ స్టిక్ ఒక్కటే పెడితే డేటా ఒక్క ఛానెల్‌లోనే (డేటా వెళ్లే దారి) నడుస్తుంది. అదే 8 జీబీవి రెండు, సరైన స్లాట్లలో పెడితే రెండు ఛానెళ్లు పనిచేస్తాయి. డీడీఆర్4 రకం, 3200 స్పీడ్ ర్యామ్‌కు లెక్క ప్రకారం డేటా వేగం సెకనుకు 25.6 జీబీ కాస్తా 51.2 జీబీ అవుతుంది. చవక పీసీల్లో ఒకే స్టిక్ పెట్టి అమ్మడం మామూలే.

విండోస్ టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ తెరిస్తే ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో, స్పీడ్ ఎంతో తెలుస్తుంది. ర్యామ్ 3200ది అయ్యుండి అక్కడ 2400 అని కనిపిస్తే, మదర్‌బోర్డు సపోర్ట్ చేస్తే, బయోస్‌లో (పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని అసలు స్పీడ్‌లో నడిపే ఆప్షన్, ఆన్ చేయండి. పైసా ఖర్చు లేని పని.

గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు మానిటర్ కేబుల్ దానికే పెట్టారో లేదో ఒకసారి వెనక్కి వంగి చూడండి. మదర్‌బోర్డుకు పెట్టి "గేమ్ ల్యాగ్ అవుతోంది" అని తల పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు!

గేమ్ సెట్టింగ్స్‌లో ముందు షాడోలు (నీడలు) తగ్గించండి. టెక్స్‌చర్లను (వస్తువులపై కనిపించే ఉపరితల చిత్రాలు) వీడియో మెమరీ సరిపోయినంత వరకు కదపక్కర్లేదు. ఇంకా చాలకపోతే 1080పీ నుంచి 720పీకి దిగండి, పిక్సెళ్లు సగానికన్నా తగ్గిపోతాయి. ఎస్ఎస్‌డీ వల్ల లోడింగ్ త్వరగా అవుతుంది, ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేముల సంఖ్య) మాత్రం పెద్దగా పెరగదు. "గేమ్ బూస్టర్" సాఫ్ట్‌వేర్ల జోలికి అసలు పోవద్దు.