గ్యారేజ్ ప్రశ్నలు: బెజవాడ ఎండలో బీటిల్ ఇంజిన్

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి కొత్త ఊపిరి పోయాలనుకునే పాఠకుల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. ఒకదానికొకటి సంబంధం ఉన్నవాటిని ఏరి ఇక్కడ ఇస్తున్నాం.

మా నాన్నగారి 1969 బీటిల్, 1500 సీసీ. ఇంజిన్ బోరుకొచ్చి నీలం పొగ కొడుతోంది. ఎలాగూ విప్పుతున్నాం కదా, 94 ఎంఎం పిస్టన్లు వేసి 1915 సీసీ చేసేద్దామని ఆటోనగర్‌లో మేస్త్రీ గారు అంటున్నారు. ఎండాకాలంలో కూడా గుంటూరు వెళ్లి రావాలి, ఓవర్‌టేక్‌కి కాస్త పికప్ కావాలి. ఎంత సీసీ చేయించమంటారు?
– పటమట, విజయవాడ

94 వద్దండి. మీ బండికి రేడియేటర్ లేదు. ఫ్యాన్ తోసే గాలి, లోపల తిరిగే రెండున్నర లీటర్ల ఆయిల్, ఈ రెండే వేడిని బయటికి మోస్తాయి. సీసీ పెంచిన కొద్దీ వేడి పెరుగుతుంది, ఫ్యాన్ మాత్రం అదే ఫ్యాన్. మే నెలలో మన దగ్గర గాలే 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ గాలితోనే ఇంజిన్ చల్లబడాలి.

ముందు సీసీ లెక్క చూడండి. బోర్‌ని (సిలిండర్ లోపలి వ్యాసం) సెంటీమీటర్లలో రాసి వర్గం చేసి, స్ట్రోక్‌తోనూ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, అదీ సెంటీమీటర్లలోనే) 3.1416తోనూ గుణించండి. నాలుగు సిలిండర్లు కాబట్టి సూత్రంలో కింద ఉండే నాలుగు కొట్టుకుపోతుంది, వచ్చిన అంకె మొత్తం ఇంజిన్ సీసీయే. మీ క్రాంక్ స్ట్రోక్ 69 ఎంఎం. ఇప్పుడున్న 83 ఎంఎం బోర్‌కి 1493 వస్తుంది. 85.5కి 1584, 87కి 1641, 90.5కి 1775 వస్తాయి.

మీ ఇంజిన్ కేసులో (క్రాంక్ తిరిగే లోహపు డబ్బా) 85.5, 87, 88 ఎంఎం బ్యారెల్స్ (సిలిండర్ గొట్టాలు) ఏ కోతా లేకుండా దిగిపోతాయి. 90.5 నుంచి పైకి వెళ్లాలంటే కేసునీ హెడ్లనీ (సిలిండర్ల పైన వాల్వులుండే మూతలు) బోర్ కొట్టించాలి. ఒకసారి కోసిన కేసు మళ్లీ వెనక్కి రాదు. అసలు ఇంజిన్ నంబర్ ఉన్న కేసుని అలా కోయించడం మాకు ఇష్టం లేదు. ఇక 88 అయితే బ్యారెల్ గోడ మరీ పల్చన. వేడికి గుండ్రం తప్పి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. 87ది దానికంటే నయమే గానీ, 85.5 మీద వచ్చే లాభం సుమారు 56 సీసీ మాత్రమే. ఆ కాస్త కోసం గోడ పల్చన చేసుకోవడం ఎందుకు?

కాబట్టి 85.5 పిస్టన్-బ్యారెల్ సెట్ కొనండి, 1584 సీసీ చేయండి. డబ్బు హెడ్ల మీద పెట్టండి. మీ 1500కి వచ్చినవి సింగిల్ పోర్ట్ హెడ్లు, ఒకే రంధ్రంలోంచి రెండు సిలిండర్లు ఊపిరి తీసుకోవాలి. వాటి స్థానంలో 35.5 ఇన్‌లెట్, 32 ఎగ్జాస్ట్ వాల్వులున్న డ్యూయల్ పోర్ట్ హెడ్లు వేసి, చెరో వైపు ఒక కార్బురేటర్, మెత్తటి కామ్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ), సరైన ఎగ్జాస్ట్ పెడితే కంపెనీ ఇచ్చిన 44 హార్స్‌పవర్ సుమారు 65కి వస్తుంది. 900 కిలోల లోపు బండికి అది చిన్న సంగతి కాదు. డ్యూయల్ పోర్ట్‌కి మానిఫోల్డ్‌తో పాటు సిలిండర్ మీద కప్పే రేకులు కూడా మారతాయి, వాటినీ సెట్‌గా తీసుకోండి. పాత రేకుల్ని కోసి అతికిస్తే సందుల్లోంచి గాలి పోతుంది.

విప్పాక ముందు కేసునే చూడండి. అది మెగ్నీషియం మిశ్రమ లోహం, బాగా వేడెక్కిన కేసు మెయిన్ బేరింగుల దగ్గర సాగుతుంది. నడిమి బేరింగ్ గూట్లో చెయ్యి పెట్టి తిప్పితే గోరుకి మెట్టు తగిలిందంటే లైన్ బోర్ (బేరింగ్ గూళ్లన్నీ ఒకే వరసలో మళ్లీ కోయడం) చేయించి ఓవర్‌సైజ్ బేరింగులు వేయాల్సిందే. హెడ్ స్టడ్లు నేరుగా మెగ్నీషియంలో మరలు తిరిగి ఉంటాయి, అవి ఊడొచ్చే అలవాటు ఉన్నవి. ఇంజిన్ విప్పి ఉన్నప్పుడే పదహారింటికీ స్టీల్ ఇన్సర్టులు వేయించండి. బిగింపు 10 ఎంఎం స్టడ్‌కి 32 న్యూటన్ మీటర్లు, 8 ఎంఎం స్టడ్‌కి 25. చేతి అంచనా మీద బిగిస్తే ఆ ఇన్సర్టులు కూడా కాపాడలేవు.

డెక్ హైట్ కొలవాలని చదివాను. లేత్ షాపులో అడిగితే స్టాండర్డ్ సెట్‌కి అదేం అక్కర్లేదు, బిగించెయ్యండి అన్నారు. కొలవాలా? ఎలా?
– బ్రాడీపేట, గుంటూరు

తప్పకుండా కొలవాలి. పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు దాని తలకీ బ్యారెల్ అంచుకీ మధ్య మిగిలే సందు డెక్. కేసుని ఒకసారి చదును చేయించినా, కొత్త సెట్‌లో పిన్ ఎత్తు అర మిల్లీమీటరు తేడా ఉన్నా ఈ సందు మారిపోతుంది. దాంతోపాటే కంప్రెషనూ (సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు కుదించుకుంటుందో ఆ అంకె) మారుతుంది.

బ్యారెల్‌ని వట్టిగా నిలబెట్టి కొలిస్తే పనికిరాదు, అది లేచి ఉంటుంది. స్టడ్ల మీద ఇనుప గొట్టం ముక్కలు తొడిగి, వాషర్ వేసి, నట్లతో బ్యారెల్‌ని కిందికి అదిమి పట్టండి. ఫ్లైవీల్ తిప్పుతూ పిస్టన్‌ని పైకి తెచ్చి డయల్ గేజ్ ముల్లు వెనక్కి తిరిగే చోట ఆపండి. ఇప్పుడు డెప్త్ వెర్నియర్‌ని పిస్టన్ పిన్ ఏ దిశలో ఉందో ఆ గీత మీదే పెట్టి, రెండు చివరలా కొలిచి సగటు తీయండి. పిన్‌కి అడ్డంగా కొలిస్తే పిస్టన్ ఊగుతుంది, లెక్క తప్పుతుంది. నాలుగూ ఇలాగే చూడాలి. ఒకదానికొకటి 0.05 ఎంఎం మించి తేడా ఉంటే కారణం వెతకండి: బ్యారెల్ కింద మురికి, వంగిన రాడ్, కేసు కోతలో వాలు.

తర్వాత హెడ్. స్పార్క్ ప్లగ్ బిగించి, వాల్వులు పెట్టి, గది (హెడ్‌లో మిశ్రమం మండే గుంట) నోటి చుట్టూ పల్చగా గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ పలక అతికించండి. బ్యూరెట్‌తో కిరోసిన్ వదలండి. పలక కింద గాలి బుడగ లేకుండా నిండేసరికి ఎన్ని సీసీ దిగిందో అదే గది ఘనపరిమాణం. సాధారణంగా 50 దగ్గర వస్తుంది.

ఇక లెక్క. 85.5 బోర్‌కి ఒక్కో సిలిండర్ 396 సీసీ. డెక్ 1.2 ఎంఎం అయితే ఆ సందులో 6.9 సీసీ. గది 50. మొత్తం 453ని 56.9తో భాగిస్తే కంప్రెషన్ దాదాపు 8. అదే డెక్ 2 ఎంఎం ఉంటే 7.4కి పడిపోతుంది, బండి మందంగా నడుస్తుంది. 1 ఎంఎం కంటే తగ్గిస్తే వేడికి రాడ్ సాగినప్పుడు పిస్టన్ హెడ్‌కి తగిలే ప్రమాదం. మన ఎండకీ, బంకులో దొరికే మామూలు పెట్రోలుకీ 8 నుంచి 8.2 దగ్గర ఆగండి. డెక్ తక్కువైతే బ్యారెల్ కింద వేసే షిమ్‌లు (పల్చటి వాషర్లు) దొరుకుతాయి. ఎక్కువైతే గదిని మాత్రమే తగ్గించి సరిపెట్టుకోకండి. సందు వెడల్పుగా ఉంటే మిశ్రమం సరిగా కలవక నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) త్వరగా వస్తుంది.

క్రాంక్ ఎండ్ ప్లే, ఫ్లైవీల్ నట్ బిగింపు గురించి చెప్పండి. పోయినసారి ఆయిల్ సీల్ రెండు నెలలకే కారింది.
– తెనాలి

సీల్ కారడానికి ఎక్కువసార్లు ఎండ్ ప్లే, అంటే క్రాంక్ ముందుకీ వెనక్కీ కదిలే సందే కారణం. ఉండాల్సింది 0.07 నుంచి 0.13 ఎంఎం. ఫ్లైవీల్ వెనక ఎప్పుడూ మూడు షిమ్‌లు ఉండాలి, అవి 0.24, 0.30, 0.32, 0.34, 0.36 మందాల్లో దొరుకుతాయి. సీల్ పెట్టకుండా రెండు షిమ్‌లే వేసి ఫ్లైవీల్ బిగించి, డయల్ గేజ్‌తో ముందుకీ వెనక్కీ ఎంత కదులుతుందో చూడండి. 0.44 వచ్చిందనుకోండి, అందులోంచి 0.10 తీసేస్తే 0.34. మూడో షిమ్ అదే. అప్పుడు సీల్ పెట్టి మళ్లీ బిగించండి.

మధ్యలో ఉన్న 36 ఎంఎం నట్‌కి కనీసం 300 న్యూటన్ మీటర్లు కావాలి, 350 అయితే ఇంకా మంచిది. అంత టార్క్ రెంచ్ మన షాపుల్లో అరుదు. సాకెట్ హ్యాండిల్‌కి గొట్టం తొడిగి, నట్ మధ్య నుంచి సరిగ్గా ఒక మీటరు దూరంలో గీత పెట్టండి. గొట్టం నేలకి సమాంతరంగా ఉండగా ఆ గీత దగ్గర 35 కిలోల బరువు పడితే దాదాపు 343 వస్తుంది. ఫ్లైవీల్‌కి అడ్డుగా స్క్రూడ్రైవర్ పెట్టి బిగించకండి, కేసు పగులుతుంది. ఫ్లైవీల్ రంధ్రాలకి బోల్టు వేసిన ఇనుప పట్టీతో ఆపండి.

కొత్తగా కట్టించిన ఇంజిన్. విజయవాడ నుంచి కాజ టోల్‌గేట్ దాటేసరికి ఆయిల్ లైట్ మినుకుమంటోంది, ఐడిలింగ్‌లో మాత్రమే. ఆయిల్ పంపు మార్చాం, తగ్గలేదు.
– మంగళగిరి

పంపు జోలికి మళ్లీ వెళ్లకండి. ఆయిల్ కాగి నీళ్లలా పల్చబడుతోంది, అందుకే ఐడిలింగ్‌లో ఒత్తిడి నిలవడం లేదు. డిప్‌స్టిక్ స్థానంలో దూర్చే థర్మామీటర్ దొరుకుతుంది, అది పెట్టి నడపండి. 110 డిగ్రీల వరకు పర్వాలేదు. 120 దాటితే బండి పక్కకి తీసి ఆపాలి.

వేడికి కారణం ఎక్కువగా రేకుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ చుట్టూ ఉన్న రేకులకీ బాడీకీ మధ్య రబ్బరు సీల్ ఉందా చూడండి. అది లేకపోతే కింద ఎగ్జాస్ట్ దగ్గర కాగిన గాలినే ఫ్యాన్ మళ్లీ పీలుస్తుంది. మనవాళ్లు అనవసరమని పారేసే వస్తువుల్లో ఇది మొదటిది. రెండోది సిలిండర్ల కింద ఉండే చిన్న గాలి మళ్లింపు రేకు. అది లేకపోతే గాలి బ్యారెల్ రెక్కల్ని తాకకుండా నేరుగా కిందికి జారిపోతుంది. ఫ్యాన్ డబ్బా లోపలి తలుపులు థర్మోస్టాట్‌తో తెరుచుకుంటాయి. థర్మోస్టాట్ తీసేసి తలుపుల్ని సగంలో వదిలేసి ఉంటే పూర్తిగా తెరిచి కట్టండి. ఆయిల్ కూలర్ రెక్కల్లో ఎండుటాకులు, ఎలుకగూడు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. చాలాకాలం నిలబెట్టిన బండ్లలో ఇది మామూలే.

పాత నమూనాలో ఆయిల్ కూలర్ ఫ్యాన్ డబ్బా లోపలే, మూడో సిలిండర్ దారికి అడ్డంగా నిలబడుతుంది. అందుకే ఆ సిలిండర్‌కి వేడి గాలి అందుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు విరిగిందంటే ముందు అక్కడే. 1971 మోడల్ నుంచి కంపెనీయే కూలర్‌ని వెనక్కి జరిపి దానికి వేరే గాలిదారి పెట్టింది. ఆ డబ్బా, కూలర్, దానితో వచ్చే వెడల్పు ఫ్యాన్, మీ కేసు రంధ్రాలకి సరిపోయే సీళ్లు సెట్‌గా వేయించండి. మన ఎండలో ఏ కామ్ కంటే, ఏ కార్బురేటర్ కంటే ముందు కొనాల్సింది ఇదే.

ఇవన్నీ సరిగా ఉండీ వేడి తగ్గకపోతే టైమింగ్ లైట్ పెట్టండి. 3,500 ఆర్‌పీఎం దగ్గర మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు ప్లగ్ నిప్పు రాలుస్తుందో ఆ అంకె) 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. పికప్ కోసమని 36 దాకా తిప్పేసిన బండ్లు కాగి, పిస్టన్ తలకి చిల్లి పడేదాకా వెళతాయి.

ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుతో రెండు కార్బురేటర్ల బండి యాక్సిలరేటర్ తొక్కగానే తడబడుతోంది. జెట్లు మార్చాలా?
– గుణదల, విజయవాడ

మార్చాలి. మామూలు పెట్రోలు మండడానికి ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 చాలు. అంటే పాత జెట్‌లో (కార్బురేటర్‌లో ఇంధనం కొలిచి వదిలే రంధ్రపు ముక్క) ఇంధనం దాదాపు 8 శాతం తక్కువ అందుతోంది. జెట్ మీద అంకె రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. విస్తీర్ణం 8 శాతం పెరగాలంటే వ్యాసం 4 శాతం పెరిగితే చాలు. 125 మెయిన్ జెట్ ఉంటే 130 వేయండి. మీరు చెప్పిన తడబాటు ఐడిల్ జెట్‌ది, దాన్ని 50 నుంచి 52కి లేదా 55కి మార్చి చూడండి. ప్లగ్ పింగాణీ తెల్లగా పాలిపోతే ఇంకా పల్చనే, లేత గోధుమరంగు వస్తే చాలు.

ఇంధన గొట్టాలు కూడా మార్చండి. బట్ట అల్లిక ఉన్న పాత రబ్బరు గొట్టాన్ని ఇథనాల్ లోపలి నుంచి తినేస్తుంది, పైకి ఏమీ కనిపించదు. లోపల విటాన్ (ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు) పొర ఉన్నది అడిగి తీసుకోండి. పెట్రోలు ఫిల్టర్‌ని ఇంజిన్ గదిలో డిస్ట్రిబ్యూటర్ పైన వేలాడదీయకండి, గేర్‌బాక్స్ దగ్గరికి మార్చండి. కార్బురేటర్‌లోకి పెట్రోలు వచ్చే ఇత్తడి గొట్టం వేలితో కదిలిందంటే బండి తీయకండి. బీటిల్స్ తగలబడేది ఎక్కువగా ఇక్కడి నుంచే. మెగ్నీషియం అంటుకుంటే నీళ్లు చల్లినా ఆరదు, ఇంకా ఎగుస్తుంది.

కొత్త కామ్ వేశాక మొదటి స్టార్ట్ ఎలా?
– చిలకలూరిపేట

కొత్త కామ్‌కి కొత్త ట్యాపెట్లే (కామ్ మీద ఆని వాల్వుల్ని కదిలించే ముక్కలు) వేయాలి, పాతవి రుద్దుకుంటే వంద కిలోమీటర్లలో లోబ్ చదునైపోతుంది. కామ్ మీద అసెంబ్లీ లూబ్ దట్టంగా రాయండి, జింక్ ఉన్న 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోయండి. ప్లగ్‌లు తీసి, ఆయిల్ లైట్ ఆరేదాకా సెల్ఫ్ తిప్పండి. స్టార్ట్ అయిన క్షణం నుంచి ఇరవై నిమిషాలు 2,000 - 2,500 మధ్యే నడపాలి, ఐడిలింగ్‌కి దించకూడదు. అందుకే టైమింగ్, ఫ్లోట్ ముందే సరిచూసుకోవాలి. ఆపి, ఆయిల్ వేడిగా ఉండగానే దించి జాలీ కడగండి. 500 కిలోమీటర్లకి మళ్లీ ఆయిల్ మార్చి, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద వాల్వు సందులు 0.15 ఎంఎంకి పెట్టండి.

సీసీ పెంచితే ఆర్‌సీ ఇబ్బంది ఉంటుందా?
– అరండల్‌పేట, గుంటూరు

ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి బండి తేడాగా ఉండకూడదు. ఇంజిన్ నంబర్, సీసీ రెండూ అందులో ఉంటాయి. పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. బండికి యాభై ఏళ్లు దాటి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. 2021లో వచ్చిన నిబంధనలు బండి అసలు రూపంలోనే ఉండాలంటాయి. ఏ భాగం తీసినా పాత బ్యారెల్స్, హెడ్లు, కార్బురేటర్ ఆయిల్ రాసి, చీటీ కట్టి, అటక మీద భద్రంగా పెట్టండి.