అమెరికా తొలి యాభై ఏళ్లలో మామూలు మనిషి బతుకు మార్చింది నూలు బట్టే

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి యాభై ఏళ్లలో అమెరికాలో సామాన్యుడి జీవితాన్ని ఎక్కువగా మార్చింది ఏది, రాజ్యాంగమా, ప్రెసిడెంట్ ఆండ్రూ జాక్సన్ ఇచ్చాడనే ఓటు హక్కా అని ఒక చర్చలో అడిగారు. తొలితరం నాయకులు హామిల్టన్, జెఫర్సన్‌ల గొడవల గురించి అక్కడ చాలామంది బాగానే రాశారు కానీ నేను ఒప్పుకోను. ముందు నూలు బట్ట, ఆ తర్వాతే మిగతావన్నీ. నేను చీరాలలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టి పెరిగాను, ఇప్పుడు బోస్టన్ దగ్గర ఉంటున్నాను, ఈ సంగతి పుస్తకాల్లో చదివినదానికంటే మా అమ్మ పక్కన నిలబడి చూసినప్పుడే నాకు బాగా అర్థమైంది.

మూడేళ్ల కిందట అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు లోవెల్ అనే పాత మిల్లుల ఊరికి తీసుకెళ్లాను. మెర్రిమాక్ నది ఒడ్డున బూట్ కాటన్ మిల్స్ అని పాత మిల్లు, ఇప్పుడు మ్యూజియం. కింద హాల్లో మరమగ్గాలు వరసలు వరసలుగా ఉంటాయి, కొన్నింటిని నిజంగానే నడుపుతారు. ఆ మగ్గాలు తర్వాతి కాలానివే, అయినా చెవుల్లో దూది లాంటివి పెట్టుకోకుండా లోపల నిలబడలేం. కాళ్ల కింద నేల అదురుతూనే ఉంటుంది. అందరూ ఫోన్లు తీసి వీడియోలు తీసుకుంటుంటే అమ్మ మాత్రం కిటికీ దగ్గర పెట్టిన ఒక నాడెనే (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే పనిముట్టు) చూస్తూ ఉండిపోయింది. పన్నెండేళ్ల వయసు నుంచి కండెలు (నాడెలో పెట్టే నూలు చుట్టలు) చుట్టిన మనిషి. నాడె కంట్లోంచి పోగు ఎలా తీసేవాళ్లు, నోటితో పీల్చేవాళ్లా అని అడగమంది. అడిగితే అక్కడి గైడ్ ఆశ్చర్యపోయాడు. అవునట, ఒకరి నోట్లో పెట్టుకున్న నాడె ఇంకొకరు పెట్టుకోవడం వల్ల జబ్బులు అంటుకునేవట, దానికి మృత్యు చుంబనం అని పేరు కూడా పెట్టుకున్నారట. "మేమూ అంతేగా" అంది అమ్మ.

తర్వాత అప్పట్లో అక్కడ పనిచేసిన మిల్లు అమ్మాయిల గురించి చెప్పాను. చుట్టుపక్కల పల్లెల్లోని రైతుల కూతుళ్లు, ఎక్కువమంది పదిహేను నుంచి ముప్ఫై ఏళ్ల లోపువాళ్లు. కంపెనీ నడిపే బోర్డింగ్ ఇళ్లలో ఉండాలి, తెల్లవారుజామున గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, వారానికి డెబ్బై గంటలు పైనే పని. అమ్మ అదంతా పట్టించుకోలేదు. "జీతం వాళ్ల చేతికే ఇచ్చేవాళ్లా?" అంది.

నాకు గొంతు పట్టేసింది. ఎందుకంటే మా ఇంట్లో కండెలు చుట్టడం, నిలువు పోగులు సిద్ధం చేయడానికి ఆసు పోయడం, అచ్చులు అతకడం అన్నీ అమ్మే చేసేది, కానీ నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ కూలి లెక్క కట్టేది నాన్న పేరు మీదే. నలభై ఏళ్ల పనికి అమ్మ పేరు మీద ఒక్క రూపాయి రాలేదు. లోవెల్ అమ్మాయిలకు మాత్రం డబ్బు చేతికిచ్చేవాళ్లు. కొందరు ఇంటికి పంపారు, కొందరు సొంతానికి దాచుకున్నారు. 1834లో కూలి తగ్గిస్తామంటే ఎనిమిది వందల మంది దాకా మగ్గాలు వదిలి బయటికి వచ్చేశారు. ఆ సమ్మె ఓడిపోయింది. అయినా 1836లో బోర్డింగ్ ఖర్చు పెంచితే ఇంకా ఎక్కువమంది వచ్చారు. మాకు కూలి తగ్గించిన ఏడు మా వీధిలో ఒక్కరు కూడా నోరెత్తలేదని అమ్మ అంది. ఇరవై ఏళ్లు నిండని పిల్ల తన కూలి గురించి తను వీధిలోకి వచ్చి అడగడం కంటే పెద్ద మార్పు ఏముంటుందో నాకైతే తెలియదు.

అక్కడితో ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది. బయటికి వస్తూ అమ్మ ఇంకో మాట అడిగింది: "ఇంత మంచు పడే ఊళ్లో పత్తి ఎక్కడ పండిందే?"

పండలేదు. ఆ పత్తి అంతా దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చేది, దాన్ని ఏరింది బానిసలు. 1793లో ఎలీ విట్నీ గింజ తీసే యంత్రం చేశాక పొట్టి పింజ పత్తి లాభసాటి అయింది. 1790లో ఏడు లక్షల మంది బానిసలుంటే 1830కి ఇరవై లక్షలయ్యారు, అదీ 1808లో బయటి నుంచి బానిసల్ని తేవడం నిషేధించాక కూడా. వర్జీనియా వైపు నుంచి అలబామా, మిసిసిపీలకు తల్లీబిడ్డల్ని విడదీసి అమ్మారు. ఆ భూములు చెరోకీ, క్రీక్, చోక్టా జాతులవి, 1830 చట్టంతో వాళ్లను అక్కడి నుంచి తరిమేశారు. లోవెల్‌లో నేసిన ముతక బట్టలో కొంత మళ్లీ అదే తోటలకు వెళ్లింది, బానిసలకు తొడగడానికి. మా అబ్బాయి స్కూల్లో ఫ్యాక్టరీల పాఠం ఒక వారం, బానిసత్వం పాఠం ఇంకో వారం చెప్పారు, రెండూ రెండు వేరే దేశాల్లో జరిగినట్టు. టీచర్‌ని కలిసి చెప్పాను, సిలబస్ అలాగే ఉంది అన్నారు.

ఇంకో విషయం ఇక్కడి మన వాళ్ల పార్టీల్లో తరచూ వింటాను. అమెరికా ఫ్రీ మార్కెట్‌తో పైకొచ్చింది, చేనేతకు సబ్సిడీలు దండగ, నిలబడలేని పని పోవాల్సిందే అని. దయచేసి 1816 టారిఫ్ (దిగుమతి సుంకాల చట్టం) గురించి చదవండి. అంతకుముందు సేలం, బోస్టన్ ఓడలు మన దేశపు నూలు బట్టలు దిగుమతి చేసుకునేవి, ముఖ్యంగా కలకత్తా నుంచి. లోవెల్ ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ ఇంగ్లండు మిల్లులు చూసి మరమగ్గం వివరాలు బుర్రలో పెట్టుకుని వచ్చాడు, బోస్టన్ దగ్గరి వాల్తమ్‌లో మిల్లు పెట్టాడు, పెట్టాక వాషింగ్టన్ వెళ్లి రక్షణ అడిగాడు. గజం పాతిక సెంట్ల కంటే తక్కువ ధర ఉన్న నూలు బట్టనైనా పాతిక సెంట్లదిగానే లెక్కగట్టి దాని మీద పాతిక శాతం సుంకం వేశారు. అంటే చవక బట్టకు గజానికి ఆరు సెంట్ల పైనే. దాంతో మన నేతగాళ్ల ముతక బట్టకు ఇక్కడ తలుపు మూసుకుపోయింది. వాళ్ల మిల్లుకు గోడ కట్టుకోవచ్చు, మన మగ్గానికి మాత్రం నూలు రాయితీ కూడా ఉండకూడదా? ఈ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

ఓటు హక్కు గురించి అడిగారు కాబట్టి చెప్తాను. ఆస్తి ఉంటేనే ఓటు అనే నిబంధనను రాష్ట్రాలు ఒక్కొక్కటే తీసేశాయి, చాలావరకు 1828లో జాక్సన్ గెలవకముందే. తీసేసినప్పుడు కూడా తెల్ల మగవాళ్లకే. న్యూయార్క్ 1821లో తెల్లవాళ్లకు ఆస్తి షరతు ఎత్తేస్తూ నల్లవాళ్లకు మాత్రం 250 డాలర్ల ఆస్తి ఉండాలని పెట్టింది. న్యూజెర్సీలో ఆస్తి ఉన్న ఆడవాళ్లు ఓటు వేసేవాళ్లు, 1807లో అదీ లాగేసుకున్నారు.

1833లో జాక్సన్ లోవెల్ వచ్చాడు. రెండు వేల మందికి పైగా మిల్లు అమ్మాయిలు తెల్ల గౌన్లు వేసుకుని, గొడుగులు పట్టుకుని ఆయన ముందు వరసగా నడిచారు. వాళ్లలో ఒక్కరికీ ఓటు లేదు. ఆయనకు టెనెసీలో పత్తి తోట ఉంది, అందులో బానిసలున్నారు. ఇది చెప్తే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. మ్యూజియం షాపులో ఆ మగ్గాల మీదే నేసిన టవల్ ఒకటి కొన్నాం. ఇంటికొచ్చేదాకా కార్లో దాన్ని ఒళ్లో పరుచుకుని గోటితో పేకలు, అంటే అడ్డపోగులు, లెక్కపెడుతూనే ఉంది.