క్రేన్ లేని రోజుల్లో నిలువురాళ్లను ఎలా నిలబెట్టారు?

తెలంగాణలోని నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో వేల ఏళ్ల కిందట పాతిన పద్నాలుగు అడుగుల నిలువురాళ్లు చూసి, ఇది నిజంగా మనుషుల పనేనా అని ఒకరు అడిగారు. ముమ్మాటికీ మనుషుల పనే. మాది మక్తల్ వైపు, చిన్నప్పటి నుంచి ఆ రాళ్లు చూస్తూ పెరిగినవాణ్ణి.

అంత రాయిని గాల్లోకి లేపాల్సిన పనే లేదు. పడుకున్న రాయి మొదలును గుంతలోకి జార్చి, తల వైపు కొద్దికొద్దిగా లేపితే చాలు. మా ఊరి గుడి ముందు రాతి స్తంభం నిలబెట్టినప్పుడు ఇది కళ్లారా చూశాను. సందు ఇరుకు, క్రేన్ రాలేదు. వడ్డెర మేస్త్రీ గుంతను మూడు వైపులా నిటారుగా, ఒక వైపు ఏటవాలుగా తవ్వించాడు. రాయి తగిలి మట్టి కూలకుండా ఏటవాలుకు ఎదురుగా దుంగలు నిలిపాడు. ఇక గడ్డపారలతో తల వైపు నాలుగు వేళ్ల మందం లేపడం, సందులో రాయి పెట్టడం, మళ్లీ లేపడం. రాయి కిందికి ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు, చిప్పరాళ్లను కర్రతోనే తోయించాడు. సగం పైగా లేచాక తాళ్లు కట్టారు. ముందు లాగేవాళ్లతో పాటు వెనక బిగబట్టేవాళ్లు కూడా ఉండాలి, లేకపోతే అవతలికి పడిపోతుంది. ఆ కాసేపు అందరికీ టెన్షనే.

లెక్క వేసి చూడండి. ఘనపు అడుగు గ్రానైట్ సుమారు 75 కిలోలు. 14 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగున్నర మందం ఉన్న రాయి 6 టన్నుల పైచిలుకు. ఒక కొస నేల మీదే ఉంటుంది కాబట్టి రెండో కొస దగ్గర లేపాల్సింది అందులో సగమే. దుంగను మీటలా వాడి, ఆనిక నుంచి రాయి వైపు ఒక పాలు, మనుషుల వైపు పది పాళ్లు ఉండేలా ఆనిస్తే 300 కిలోల పైన బలం చాలు. ఎనిమిది, పది మంది పని.

ఇంగ్లండ్‌లోని పురాతన రాతి వలయం స్టోన్‌హెంజ్ గుంతల్లోనూ ఒక వైపు ఏటవాలు, ఎదురుగా కొయ్యలు పాతిన ఆనవాళ్లు దొరికాయి. 1955-56లో నార్వే అన్వేషకుడు థోర్ హెయర్‌డాల్ పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవికి వెళ్లినప్పుడు, అక్కడివాళ్లు 12 మంది దుంగలతో కొద్దికొద్దిగా లేపుతూ, కింద రాళ్లు పేరుస్తూ 20 టన్నులకు పైబడిన విగ్రహాన్ని 18 రోజుల్లో నిలబెట్టి చూపించారు.

నా దృష్టిలో అసలు నేర్పు నిలబెట్టడంలో కాదు, ఆ తర్వాత గుంత పూడ్చడంలో ఉంది. స్తంభం లేచాక ఊరంతా చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయింది. మేస్త్రీ మాత్రం చీకటి పడేదాకా మొదట్లో చిన్న రాళ్లు ఇరికించి, మట్టి వేసి, దిమ్మిసతో కొట్టిస్తూనే ఉన్నాడు. ముడుమాల్ రాళ్లు ఇన్ని వేల వానలకు తట్టుకుని నిలిచాయంటే ఆ మొదళ్ల దగ్గర ఎంత శ్రద్ధ పెట్టారో!

2025లో ముడుమాల్ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది, జనం రాక పెరుగుతోంది. అక్కడికి వెళ్తే దయచేసి రాళ్ల మొదట్లో తవ్వకండి, ఫొటోల కోసం ఆనుకుని ఊపకండి, పక్కవాళ్లకూ చెప్పండి.