రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 'యంగ్ సోల్జర్స్' బెటాలియన్లలో నిజంగా పిల్లలే ఉండేవారా? వాళ్లు యుద్ధం చేశారా?

పిల్లల్ని చేర్చుకోకూడదు, కానీ పిల్లలు చేరారు. యుద్ధం సంగతంటారా, ఆ బెటాలియన్లలో ఉన్నంతకాలం వాళ్లు కాపలానే ఎక్కువగా కాశారు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు, ముందు వాళ్ల నోటే విన్నాను.

2010 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చదువుతూ వీకెండ్స్‌లో ఒక కేర్ హోమ్‌లో పనిచేసేవాణ్ని. మన స్టూడెంట్స్ చాలామంది చేసే పనే. అక్కడ ఈ బెటాలియన్లలో పనిచేసిన పెద్దాయనలు ఇద్దరుండేవారు, ఇద్దరికీ తొంభై దగ్గర పడుతోంది. పేర్లు రాయడం బాగుండదు కాబట్టి వాళ్ల రెజిమెంట్లను బట్టి ఎసెక్స్ తాత, డర్హమ్ తాత అంటాను. అక్కడ స్టాఫ్ అంతా వాళ్లని పేరు పెట్టే పిలిచేవారు. నాకు నోరు రాక 'సర్' అనేవాణ్ని. "నేనెప్పుడూ ఆఫీసర్ని కాలేదు, ఆ సర్ మానెయ్" అని డర్హమ్ తాత కసురుకునేవారు.

కాస్త నేపథ్యం చెప్పాలి. 1940 జూన్ మొదటివారానికి బ్రిటిష్ సైన్యం ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి ప్రాణాలతో బయటపడింది కానీ ఫిరంగులు, వాహనాలు చాలావరకు ఫ్రాన్స్‌లోనే వదిలేసి వచ్చింది. ఇక జర్మన్లు ఇంగ్లండ్ మీదే దిగుతారని దేశమంతా టెన్షన్. ఎయిర్‌ఫీల్డులు, వంతెనలు, ఫ్యాక్టరీల కాపలాకి అప్పటికే హోమ్ డిఫెన్స్ బెటాలియన్లు ఉన్నాయి. వాటిలో ఎక్కువమంది మొదటి ప్రపంచ యుద్ధం చేసొచ్చిన నడివయసువాళ్లు. నిర్బంధ సైనిక సేవకి ఇంకా వయసు రాని కుర్రాళ్లు తమంతట తాము వచ్చి చేరుతుంటే మొదట వాళ్లనీ వీటిలోనే కలిపారు. తర్వాత, 1940 సెప్టెంబర్ నుంచి, విడిగా యంగ్ సోల్జర్స్ బెటాలియన్లు ఏర్పాటు చేశారు. చాలావాటికి 70 అనే నంబరే ఇచ్చారు: 70వ ఎసెక్స్, 70వ సఫోక్, 70వ డర్హమ్ లైట్ ఇన్‌ఫాంట్రీ, 70వ రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్, ఇలా. రూల్ ప్రకారం పద్దెనిమిది నిండాలి.

డర్హమ్ తాతకి అప్పుడు పదహారున్నర. వాళ్ల నాన్న బొగ్గు గనిలో పనిచేసేవారు, ఈయన కూడా అప్పటికే గనిలో దిగారు. సైన్యంలో చేరింది దేశభక్తితోనా అని అడిగితే, "పగటి వెలుగు చూడొచ్చని" అన్నారు. ఇలాంటి జ్ఞాపకాలు ఎక్కడ చదివినా ఒక కథ తగులుతుంది: రిక్రూటింగ్ సార్జెంట్ "బయటికెళ్లి ఒక చుట్టు తిరిగి రా, నీకు పద్దెనిమిది వచ్చేస్తాయి" అన్నాడని. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కథలే ఇలా చేతులు మారుతుంటాయని నా అనుమానం. డర్హమ్ తాత మాత్రం, తనని ఎవరూ ఏమీ అడగలేదన్నారు. పద్దెనిమిది అని చెప్తే రాసుకున్నారు, అంతే. వాళ్లమ్మ మాత్రం కొడుకుని వెనక్కి పంపమని కల్నల్‌కి ఉత్తరం రాసి పెట్టిందట. ఈలోపు ఆయన జీతంలోంచి వారం వారం కొంత ఇంటికి రావడం మొదలైంది. ఆ ఉత్తరం పోస్టు కాలేదు. ఇది చెప్పేటప్పుడు ఆయన నవ్వేవారు, కానీ రెండోసారి అడిగితే మాట మార్చేసేవారు.

ఎసెక్స్ తాత మొదట్లో నాతో మాట్లాడేవారే కాదు. నేను కాలేజీలో ఎన్‌సీసీ చేశానని, పాత 303 రైఫిల్ కాల్చానని తెలిశాక మనిషే మారిపోయారు. ఆయన పద్దెనిమిదేళ్లకి పట్టుకున్నదీ ఆ లీ-ఎన్‌ఫీల్డ్ రకమే. ఒక సాయంత్రం తన చేతికర్రనే రైఫిల్ అనుకుని క్లీనింగ్ చేసి చూపించారు. బట్ (రైఫిల్ వెనక, భుజానికి ఆనించే చెక్క భాగం) చివర చిన్న ఇత్తడి మూత ఉంటుంది, అది తెరిస్తే లోపల నూనె సీసా, పుల్‌త్రూ తాడు. తాడుకి ఒక కొసన ఇత్తడి బరువు, రెండో కొసన గుడ్డ ముక్క దూర్చడానికి ముడి. బరువుని బ్రీచ్‌లోంచి, అంటే తూటా పెట్టే చోటునుంచి, జారవిడిస్తే బ్యారెల్ మూతి దగ్గర బయటికొస్తుంది. అక్కణ్నుంచి ఒకే ఊపున లాగెయ్యాలి, మధ్యలో ఆగకూడదు. ఆగితే గుడ్డ ఇరుక్కుంటుంది, సార్జెంట్ తిట్లు మొదలవుతాయి. మా ఎన్‌సీసీ ఉస్తాద్ మాకు 'చింది' అనే గుడ్డ పీలికతో నేర్పించింది అచ్చం ఇదే, తిట్లతో సహా. ఆయనకి రాత్రి గార్డుకి ఐదు తూటాలు ఇచ్చేవారట. పొద్దున్నే ఐదూ లెక్కపెట్టి తిరిగిచ్చేయాలి.

ఇద్దరి కబుర్లలోనూ శత్రువు కంటే ఎక్కువ వినిపించేవి చలి, ఆకలి, నిద్ర. రెండు గంటలు డ్యూటీ, నాలుగు గంటలు విశ్రాంతి, మళ్లీ రెండు గంటలు. విశ్రాంతంటే బూట్లు విప్పకుండా పడుకోవడమే. రోజుకి రెండు షిల్లింగుల జీతం, అందులో ఇంటికి పోగా మిగిలింది క్యాంటీన్ టీకి, బన్నుకి. ఎసెక్స్ తాతకి అన్నిటికంటే ఇష్టమైన కథ: వాన కురుస్తున్న ఒక రాత్రి సైకిల్ మీద వచ్చిన ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ని ఆపి పాస్‌వర్డ్ అడిగారు. ఆయన మర్చిపోయారు. గార్డ్ కమాండర్ వచ్చేదాకా ఆ ఆఫీసర్ని వానలోనే చేతులెత్తించి నిలబెట్టారు. మర్నాడు శిక్షా లేదు, మెచ్చుకోలూ లేదు. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా, తనని మెచ్చుకోవాల్సిందే అని వాదించేవారు.

వీళ్లని ఊళ్లో అందరూ నెత్తిన పెట్టుకున్నారనుకోకండి. ఆ వయసు కుర్రాళ్లని వందల మందిని ఒకచోట పెట్టి, రాత్రంతా ముళ్లకంచె చూస్తూ ఉండమంటే ఏమవుతుంది? పబ్బుల్లో గొడవలు, చెప్పకుండా ఇంటికి పారిపోవడం మామూలే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. జైలా, సైన్యమా తేల్చుకో అని మేజిస్ట్రేట్ అంటే వచ్చినవాళ్లు కూడా తన కంపెనీలో ఉన్నారని డర్హమ్ తాత అనేవారు. వీళ్లని దారిలో పెట్టింది ఆ మొదటి యుద్ధం నాటి ముసలి సార్జెంట్లే. గొంతు చించుకుని తిట్టేదీ వాళ్లే, రాత్రి సెంట్రీకి టీ మగ్గు తెచ్చిచ్చేదీ వాళ్లే.

1941 మేలో పరిస్థితి మారింది. జర్మన్ పారాట్రూపర్లు క్రీట్ ద్వీపంలో మాలెమె ఎయిర్‌ఫీల్డుని పట్టుకోవడంతో ద్వీపమే చేజారింది. రేపు మన ఎయిర్‌ఫీల్డ్ గతీ అంతే కదా అని బ్రిటన్‌లో కంగారు. ఎయిర్‌ఫోర్స్‌లో ప్రతివాడి చేతిలో ఏదో ఒక ఆయుధం ఉండాలని, చివరికి బల్లెమైనా గదైనా సరే అని, చర్చిల్ జూన్‌లో నోట్ రాశారు. ఆ వేసవంతా కందకాలు తవ్వడమే పని అన్నారు ఎసెక్స్ తాత. తర్వాత 1941 చివర్లో నిర్బంధ సేవ వయసుని పద్దెనిమిదిన్నరకి దించారు, 1942 ఫిబ్రవరిలో ఎయిర్‌ఫీల్డుల రక్షణకే ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్) రెజిమెంట్ పుట్టింది. దాంతో ఈ బెటాలియన్ల అవసరం తీరిపోయింది. 1942, 43ల్లో ఒక్కొక్కటే రద్దు చేసి కుర్రాళ్లని వేరే యూనిట్లకి పంచేశారు.

ఎసెక్స్ తాత తన రెజిమెంట్‌లోనే ఒకటో బై నాలుగో బెటాలియన్‌కి వెళ్లి ఇటలీ చేరారు. అది మన నాలుగో ఇండియన్ డివిజన్‌లో ఉండేది, రాజ్‌పుతానా రైఫిల్స్, గూర్ఖాలతో కలిసి. 1944 మార్చిలో ఇటలీలోని కసీనో అనే ఊళ్లో కోట ఉన్న గుట్ట మీద ఆ బెటాలియన్ ఎంత నష్టపోయిందో చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆయన నోట నేను విన్నది మాత్రం చపాతీల గురించే. డర్హమ్ తాతని చెవి సమస్య వల్ల విదేశాలకి పంపలేదు, యుద్ధం అయిపోయేదాకా స్టోర్స్‌లో లెక్కలు రాశారు. సైన్యంలో చేసినవాళ్లు మెడల్స్ కోసం అప్లై చేసుకోవాలి, ఈయన చేసుకోలేదు. "ఏం చేశానని?" అనేవారు. ఎవరైనా యుద్ధం కబుర్లు అడిగితే ఎసెక్స్ తాత వైపు వేలు చూపించేవారు. నా మట్టుకు నాకు ఆయన జ్ఞాపకాలే విలువైనవి అనిపిస్తాయి. కసీనో గురించి అలమారా నిండా పుస్తకాలున్నాయి, ఎయిర్‌ఫీల్డ్ గేటు దగ్గర నిలబడ్డ పదహారేళ్ల కుర్రాడి గురించి ఎన్ని ఉన్నాయి?

ఇంకా వినాలనుంటే ఇంపీరియల్ వార్ మ్యూజియం ఆడియో ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లో ఉచితం. బీబీసీ 2003 నుంచి 2006 దాకా మామూలు జనం దగ్గర సేకరించిన 47,000 కథల ఆర్కైవ్ కూడా ఉంది. 'యంగ్ సోల్జర్స్' అనో, రెజిమెంట్ పేరు ముందు 70 పెట్టో వెతకండి. తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త. ఎసెక్స్ తాత 1940 జులైలోనే చేరానని పట్టుబట్టేవారు. బెటాలియన్ పుట్టిందే సెప్టెంబర్‌లో కదా, మర్చిపోయి ఉంటారులే అని కొట్టిపారేయకూడదు. జులైలో హోమ్ డిఫెన్స్ బెటాలియన్‌లో చేరి, అది విడిపోయినప్పుడు ఇటు వచ్చినవాళ్లు ఉంటారు. అలాంటివి తేల్చుకోవాలంటే లండన్‌లో క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 166 (WO 166) సిరీస్ కింద స్వదేశంలో ఉన్న యూనిట్ల వార్ డైరీలు, అంటే రోజువారీ రికార్డులు, ఉన్నాయి, అక్కడ చూడొచ్చు.